మీకు తెలుసా? కెమెరా కొనేముందు ఏ వరుసలో కూర్చుంటారో చెప్పండి

వెలుగు కోసం తిరిగిన కొట్టం

న్యూజెర్సీలో ఎడిసన్ ఊరు తెలియని అమెరికా తెలుగువాళ్ళు తక్కువ. ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్ళి టిఫిన్ తిని, చీరలూ నగలూ చూసుకుని, గోంగూరా కరివేపాకూ కట్టించుకుని వచ్చే ఆ ఊరు 1954 దాకా రారిటన్ టౌన్‌షిప్. అక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల నడిపిన థామస్ ఆల్వా ఎడిసన్ పేరు ఆ ఏడాదే పెట్టుకున్నారు. ఆయన తర్వాత మకాం మార్చిన వెస్ట్ ఆరెంజ్ అక్కణ్ణుంచి కారులో గంటలోపు దూరం. 1893లో అక్కడ ఒక వింత కొట్టం లేచింది. ఒళ్ళంతా నల్లటి తారు కాగితం. పైకప్పు తలుపులా తెరుచుకుంటుంది. కట్టడం కట్టడమంతా గుండ్రటి పట్టా మీద తిరుగుతుంది. ఖైదీలను తీసుకెళ్ళే బండిలా ఉందని పనివాళ్ళు దాన్ని ‘బ్లాక్ మరియా’ అని పిలిచారు. సినిమా తీయడానికని కట్టిన తొలి స్టూడియో అదే. అయిన ఖర్చు 637 డాలర్ల 67 సెంట్లు.

ఎందుకు తిరగాలంటే, అప్పటి ఫిల్ముకి నేరుగా పడే ఎండ కావాలి. పొద్దు జరుగుతున్నకొద్దీ స్టూడియోని కూడా తోసుకుంటూ పోయేవాళ్ళు. ఎడిసన్ దగ్గర డబ్ల్యు.కె.ఎల్. డిక్సన్ తయారుచేసిన కైనెటోగ్రాఫ్ కెమెరా అప్పటికి ప్రపంచంలోనే కొత్త వింత. అంత గొప్ప యంత్రం చేతిలో ఉండి కూడా వాళ్ళు ముందు చూసుకున్నది వెలుగు. ఆ చోటు ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కు, బ్లాక్ మరియా నమూనా కూడా అక్కడే ఉంది. ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్ళిన రోజే పిల్లల్ని అటు కూడా తిప్పి తీసుకురండి.

“వెయ్యి డాలర్లలో మంచి వీడియో కెమెరా ఏదో చెప్పన్నా” అని ఫోన్ వచ్చిన ప్రతిసారీ నాకు ఆ కొట్టమే గుర్తొస్తుంది. నేను తిరిగి అడిగేది ఒక్కటే: “ఏ వరుసలో కూర్చుని తీస్తావు?”

అరవై అడుగుల లెక్క

ఆ ప్రశ్న ఊరికే అడగను. దానికో లెక్క ఉంది, ఆరో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. మీకూ వేదికకీ ఉన్న దూరాన్ని కెమెరా సెన్సర్ వెడల్పుతో గుణించి, లెన్స్ మీద రాసి ఉన్న మిల్లీమీటర్లతో భాగించండి. ఎంత వెడల్పు ఫ్రేములో పడుతుందో వచ్చేస్తుంది.

కెనాన్ చిన్న సెన్సర్ కెమెరాల్లో సెన్సర్ వెడల్పు 22 మిల్లీమీటర్ల పైచిలుకు. హైస్కూల్ ఆడిటోరియంలో వెనక వరుసల్లో, వేదికకి 60 అడుగుల దూరంలో స్టాండు వేశారనుకోండి. 50 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే దాదాపు 27 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. ఒక్కరే చేసే నృత్యానికి అది సరిపోతుంది, ఆ చివర మృదంగం ఆయన కూడా పడతాడు. అదే అమ్మాయి కళ్ళలో అభినయం కావాలంటే నాలుగడుగుల వెడల్పు చాలు. కానీ లెక్క వేస్తే 330 మిల్లీమీటర్లు దాటిపోతుంది. అంత పొడుగు లెన్స్, వెలుగు బాగా తీసుకునేది కొనాలంటే కెమెరా కంటే లెన్సే నాలుగైదు రెట్లు పలుకుతుంది.

అందుకే ఈ మాట గట్టిగా చెప్తాను: మీరు ప్రధానంగా తీసేది పిల్లల నృత్యాలూ సంగీత కచేరీలూ సంఘం నాటకాలూ అయితే, అందరూ మెచ్చే కొత్త మిర్రర్‌లెస్ కెమెరా మీకు అక్కర్లేదు. ఒకరు వాడి అమ్మేసిన క్యామ్‌కార్డర్ చూడండి. ఉదాహరణకి 2013లో వచ్చిన కెనాన్ విక్సియా హెచ్‌ఎఫ్ జి30. దాంట్లో 20 రెట్ల జూమ్ ఉంది. వేదిక మొత్తం నుంచి కళ్ళ దాకా ఒక్క బొటనవేలితో, కుదుపు లేకుండా వెళ్తుంది. కార్డులు పెట్టే అరలు రెండు. కొత్త తరం దాన్ని పాత సామానంటుంది. చివరి వరుసలో కూర్చునే తండ్రికి మాత్రం అది వరం.

ఒకే కెమెరా, మూడు పేర్లు

అమెరికాలో ‘విక్సియా’ అని అమ్మిన క్యామ్‌కార్డర్లనే చాలా దేశాల్లో కెనాన్ ‘లెగ్రియా’ అంటుంది. ఇక్కడ ‘రెబెల్ టి3ఐ’ అన్నది ఇండియాలో ‘600డి’, జపాన్‌లో ‘కిస్ ఎక్స్5’. యంత్రం ఒకటే. హైదరాబాద్‌లో తమ్ముడు 600డి బాగుంటుందన్నాడని ఇక్కడి సెకండ్ హ్యాండ్ షాపుల్లో ఆ పేరుతో వెతికి, దొరకలేదని నిరాశపడినవాళ్ళని నేనెరుగుదును.

29 నిమిషాల 59 సెకన్లు

పాత డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి ఒక జబ్బు ఉండేది. వీడియో అరగంట పూర్తికాకముందే, సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్లకి దానంతట అదే ఆగిపోయేది. కారణం కెమెరా లోపల లేదు, ఐరోపా సుంకాల కచేరీలో ఉంది. అరగంటా అంతకు మించీ ఆగకుండా తీయగలిగితే ఐరోపా సమాఖ్య దాన్ని క్యామ్‌కార్డర్ కింద లెక్కగట్టి అదనపు సుంకం వేసేది. కంపెనీలు ఒక్క సెకను తక్కువ పెట్టి సుంకం తప్పించుకున్నాయి. ఒక్కో దేశానికి ఒక్కోలా తయారుచేయడం ఎందుకని అవే కెమెరాలు అమెరికాలోనూ అమ్మారు. బ్రస్సెల్స్‌లో రాసుకున్న నిబంధన న్యూజెర్సీ ఆడిటోరియంలో కెమెరాని ఆపేసేది.

అది నాకు ఎలా తెలిసిందంటే, ఒక స్నేహితుడి పెద్దమ్మాయి కూచిపూడి రంగప్రవేశం వీడియో తీసే పని నా మీద పెట్టారు. అమ్మాయి తొమ్మిదేళ్ళు నేర్చుకుంది. ఇండియా నుంచి నాయనమ్మ వచ్చి ముందు వరుసలో కూర్చుంది. నేను కొత్త కెమెరా స్టాండు మీద బిగించి, తరంగానికి ముందున్న అంశంలోనే రికార్డింగ్ నొక్కి వదిలేశాను, మధ్యలో ఆపితే ఏదైనా తప్పుతుందేమోనని. గురువుగారు నట్టువాంగం అందుకున్నారు. అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల్ని కాలి వేళ్ళతో పట్టి నిలబడింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. నేనూ కెమెరా తెర మీద నుంచి కళ్ళెత్తి అమ్మాయినే చూస్తున్నాను. ఎర్ర దీపం ఎప్పుడు ఆరిపోయిందో చూడలేదు.

వారం తర్వాత వాళ్ళ అమ్మ ఫోన్ చేసింది. “అన్నయ్యా, పళ్ళెం ఎక్కింది గానీ నడవలేదేంటి?” అని మెల్లగా అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఆ సుంకం తర్వాత పోయింది. కొత్తగా వచ్చే కెమెరాల్లో చాలావాటికి ఈ హద్దు లేదు. కానీ తక్కువ డబ్బుతో కొనేవాళ్ళు చూసేది పాతవే కదా. కొనేముందు ఒక్కటే పరీక్ష చేయండి. బ్యాటరీ నిండా పెట్టి, పెద్ద కార్డు వేసి, అన్నిటికంటే ఎక్కువ నాణ్యతలో గంటసేపు గోడని తీయండి. గడియారం పక్కన పెట్టండి. ఆగిందా, వేడెక్కి ఆపేసిందా, ఫైలు ముక్కలు చేసిందా, అన్నీ ఆ గంటలో బయటపడతాయి. తిరిగిచ్చే గడువు లోపల ఆ గోడ వీడియో తీసినవాళ్ళు నాలా ఫోన్ కాల్ అందుకోరు.

పదింతల వెలుగు, నూటపాతిక డాలర్లు

కెమెరాతోపాటు పెట్టెలో వచ్చే జూమ్ లెన్స్ మీద ‘3.5–5.6’ అని ఉంటుంది. పూర్తిగా జూమ్ చేస్తే అది 5.6కి దిగజారుతుంది. ఆ అంకె ఎంత పెద్దదైతే కన్ను అంత చిన్నది. 1.8 అంకె ఉన్న లెన్స్ 5.6 కంటే దాదాపు పదింతల వెలుగు లోపలికి తీసుకుంటుంది. అంకెల వర్గాల లెక్క అది. కెనాన్ 50 మిల్లీమీటర్ల 1.8 లెన్స్ కొత్త రూపం 2015లో వచ్చినప్పుడు ఇక్కడ దాని ధర సుమారు 125 డాలర్లు. బతుకమ్మ నాడు సాయంత్రం పార్కులో చీకటి పడ్డాక దీపాల వెలుగులో ఆడవాళ్ళ ముఖాలు మసిపూసినట్టు రాకుండా ఉండాలంటే, రెండు వేల డాలర్ల కొత్త కెమెరాకి పెట్టెలో వచ్చిన లెన్స్ తగిలించడం కన్నా, పాత కెమెరాకి ఈ లెన్స్ తగిలిస్తే మేలు.

తాళం తోనే క్లాప్

జనం మసక బొమ్మని భరిస్తారు గానీ గరగర శబ్దాన్ని భరించరు. రాబర్ట్ రోడ్రిగెజ్ అనే టెక్సాస్ కుర్రాడు సుమారు 7 వేల డాలర్లతో ‘ఎల్ మరియాచి’ తీశాడు. 1992లో బయటికొచ్చిన ఆ సినిమా కోసం మందుల ప్రయోగాలకి తన ఒళ్ళప్పగించి కూడా కొంత డబ్బు కూడబెట్టాడు. అరువు తెచ్చుకున్న 16 ఎమ్‌ఎమ్ కెమెరా కుట్టుమిషన్‌లా చప్పుడు చేసేది. దానితో శబ్దం పట్టడం కుదరదని, షాట్ అయిపోగానే నటుల్ని దగ్గరికి పిలిచి అవే మాటలు మళ్ళీ చెప్పించి టేపు మీద పట్టుకున్నాడు. మన దగ్గర ‘పెళ్ళిచూపులు’ 2016లో అంత సహజంగా వినిపించడానికి ఒక కారణం, తీస్తున్న చోటే మాటలు పట్టుకోవడం.

మీరు చేయాల్సింది ఇంకా సులువు. వంద డాలర్ల దరిదాపుల్లో అరచేతిలో ఇమిడే రికార్డర్ ఒకటి కొనండి. దాన్ని వేదిక పక్కన వాద్యబృందం దగ్గర పెట్టి వదిలేయండి. మైకుకీ గొంతుకీ దూరం రెట్టింపయిన ప్రతిసారీ నేరుగా అందే శబ్దం ఆరు డెసిబెళ్ళు పడిపోతుంది, హాలు ప్రతిధ్వని మాత్రం అలాగే ఉంటుంది. వెనక వరుసలో కెమెరా మీద ఎంత ఖరీదైన మైకు పెట్టినా ఆ నష్టం పూడదు. తర్వాత బొమ్మనీ శబ్దాన్నీ కలపడానికి సినిమావాళ్ళకి క్లాప్ బోర్డు కావాలి. కూచిపూడికి ఆ అవసరమే లేదు. గురువుగారి తాళం మొదటి దెబ్బ రెండింటిలోనూ సూదిమొనలా నిలబడుతుంది, దాన్ని పట్టుకుని జత చేయండి.

అన్నట్టు, ఆ స్నేహితుడి రెండో అమ్మాయి రంగప్రవేశానికీ నన్నే పిలిచారు. నేను అడగకుండానే పిలిచారు. ఈసారి పాత క్యామ్‌కార్డర్, గోడ ప్లగ్గు నుంచి నేరుగా కరెంటు, వాద్యబృందం దగ్గర చిన్న రికార్డర్. తరంగంలో పళ్ళెం వేదిక చెక్క మీద జరుగుతుంటే వచ్చే గీరుడు కూడా గజ్జెల కింద నుంచి విడిగా వినిపిస్తుంది. వాళ్ళ నాయనమ్మ ఈసారి రాలేకపోయింది. గుంటూరులో ఇంట్లో టీవీలో చూసింది.

జేబులో ఉన్నది చాలదా?

చాలు, చాలాసార్లు. షాన్ బేకర్ లాస్ ఏంజిలస్ వీధుల్లో ‘టాంజెరీన్’ మొత్తం ఐఫోన్ 5ఎస్‌ల మీద తీసి 2015లో సన్‌డాన్స్ ఉత్సవానికి తీసుకెళ్ళాడు. ఫోన్లు మూడు, వాటికి ముందు తగిలించిన చిన్న లెన్సులు, కొద్ది డాలర్ల యాప్ ఒకటి. ఎండలోనూ వీధి దీపాల వెలుగులోనూ మనుషులకి దగ్గరగా నిలబడి తీయగలగడమే ఆ సినిమా బలం. దగ్గరగా నిలబడగలిగితే ఫోన్ రాజు. అరవై అడుగుల దూరం నుంచి అదే ఫోన్ నిస్సహాయం.

మన రామ్‌గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ని ఫొటోలు తీసే కెనాన్ 5డి కెమెరాలతో, ఏడుగురు సాంకేతిక సిబ్బందితో ఐదు రోజుల్లో ముగించారు. అంతకు ముందు ఏడాదే ‘హౌస్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ ఒక సీజన్ ఆఖరి భాగాన్ని 5డి మార్క్ 2 తోనే తీశారు. 2008లో అది వచ్చినప్పుడు ఇక్కడ ధర 2,699 డాలర్లు. ఇంకా ముందుకొస్తే, 2023లో ‘ది క్రియేటర్’ అనే 8 కోట్ల డాలర్ల హాలీవుడ్ సినిమాని సుమారు 3,900 డాలర్ల సోనీ ఎఫ్‌ఎక్స్3 మీద తీశారు. అంటే కెమెరా ధర ఆ బడ్జెట్‌లో ఇరవై వేల వంతుల్లో ఒక వంతు. మిగిలిన డబ్బు ఎక్కడికి పోయిందో ఆలోచిస్తే మన వెయ్యి డాలర్లనీ ఎలా పంచుకోవాలో అర్థమవుతుంది.

నా పంపకం ఇది: సగానికి మించి కెమెరాకి వద్దు. మిగతా సగంలో లెన్స్, రికార్డర్, కదలని స్టాండు, రెండు అదనపు బ్యాటరీలు. స్టాండు విషయంలో పిసినారితనం వద్దు, గాలికి ఊగే స్టాండు మీద ఏ కెమెరా అయినా ఒకటే.

4కె కొంటే రెండో కెమెరా ఉచితం

హెచ్‌డి బొమ్మలో సుమారు 20 లక్షల చుక్కలు. 4కెలో సుమారు 83 లక్షలు, నాలుగింతలు. ఇంట్లో చూసేది ఎలాగూ హెచ్‌డి చాలు. కాబట్టి వేదిక మొత్తం 4కెలో తీసి, ఎడిటింగ్‌లో అందులో నాలుగో వంతు కత్తిరించుకుంటే నాణ్యత తగ్గకుండా దగ్గరి షాట్ వస్తుంది. ఒక్క మనిషి, ఒక్క కెమెరా, చూసేవాళ్ళకి రెండు కెమెరాలు పెట్టినట్టే ఉంటుంది.

కార్డు మీద అంకెలు

కెమెరా ‘100 మెగాబిట్లు’ అంటుంది, కార్డు ‘30 మెగాబైట్లు’ అంటుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 100ని 8తో భాగిస్తే పన్నెండున్నర. కార్డు మీద ‘వి30’ గుర్తు ఉంటే సెకనుకి 30 మెగాబైట్లు తగ్గకుండా రాస్తుందని హామీ, అంటే అవసరానికి రెట్టింపు. దాని పక్కనే మూడింతల ధరకి వేలాడే ‘వి90’ కార్డు మీకు అక్కర్లేదు. గంటకి 45 గిగాబైట్లు పడుతుంది కాబట్టి రెండున్నర గంటల కార్యక్రమానికి 128 గిగాబైట్ల కార్డు ఒకటి చాలు, రెండోది జేబులో ఉంచుకోండి.

శనివారం ఆర్డర్ తీసుకోని దుకాణం

న్యూయార్క్ నైన్త్ అవెన్యూలో ఉన్న బి అండ్ హెచ్ కెమెరాల దుకాణం 1973 నుంచి నడుస్తోంది. యజమానులు యూదు మతాచారాన్ని పాటిస్తారు. శుక్రవారం పొద్దు వాలినప్పటి నుంచి శనివారం రాత్రి దాకా దుకాణమే కాదు, ఇంటర్నెట్‌లో ఆర్డర్ తీసుకోవడం కూడా ఆపేస్తారు. ఏకాదశి ఉపవాసం ఉండే మన పెద్దవాళ్ళ పట్టుదల గుర్తొచ్చి నాకు ఆ దుకాణమంటే గౌరవం. సెకండ్ హ్యాండ్ కోసమైతే అట్లాంటా దగ్గర 1979 నుంచి ఉన్న కేఈహెచ్ లాంటి చోట్ల, కెమెరాని పరీక్షించి దాని స్థితిని బట్టి గ్రేడు వేసి అమ్ముతారు. పైన గీతలున్నాయని గ్రేడు తగ్గించిన కెమెరా లోపల బాగానే ఉంటుంది. గీతలు వీడియోలో కనిపించవు. 2025లో దిగుమతి సుంకాలు పెరిగి కొత్త కెమెరాల ధరలు ఎగబాకాక ఈ గ్రేడుల మీద శ్రద్ధ పెట్టడం ఇంకా అవసరమైంది.

ఒక్క జాగ్రత్త. అందరికంటే వంద డాలర్లు తక్కువకి కొత్త కెమెరా కనిపిస్తే అది ‘గ్రే మార్కెట్’ సరుకేమో అడగండి. నకిలీది కాదు, కానీ వేరే దేశంలో అమ్మకానికి తయారైనది. కొన్ని కంపెనీల అమెరికా శాఖలు దాన్ని డబ్బిస్తామన్నా బాగుచేయవు. జపాన్ నుంచి వచ్చిన సోనీ అయితే చాలా మోడళ్ళలో మెనూ మొత్తం జపనీస్‌లోనే ఉంటుంది, భాష మార్చే వీలుండదు.

కొనకుండానే

1984 నాటి కేబుల్ చట్టం వల్ల అమెరికాలో చాలా ఊళ్ళకి తమ ప్రజల కోసం ఒక టీవీ ఛానల్ అడిగే హక్కు వచ్చింది. దాని పుణ్యాన న్యూయార్క్‌లో మన్‌హట్టన్ నైబర్‌హుడ్ నెట్‌వర్క్, ఫిలడెల్ఫియాలో ఫిల్లీక్యామ్, చికాగోలో క్యాన్ టీవీ లాంటి కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడివాళ్ళు కొద్దిపాటి శిక్షణ తీసుకుంటే కెమెరాలు, లైట్లు, మైకులు వాడుకోనిస్తారు. తీసిన కార్యక్రమం ఆ ఛానల్లోనే వేసుకోవచ్చు. మన సంఘాలవాళ్ళు హాలు అద్దెకీ భోజనాలకీ వేలు పోస్తారు గానీ ఈ తలుపు తట్టినవాళ్ళు అరుదు. మీ ఊరి లైబ్రరీలో కూడా అడగండి, కొన్ని లైబ్రరీలు పుస్తకంలాగే కెమెరా ఇస్తాయి. ఏడాదికొక్కసారి అవసరపడే పెద్ద లెన్స్‌ని అద్దెకి తెచ్చుకోవడం మేలు. మెంఫిస్ కేంద్రంగా నడిచే లెన్స్‌రెంటల్స్ పార్సిల్ పంపి, వాడాక వెనక్కి తీసుకుంటుంది.

ఇంకొకటి: 2025 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం, ఆరుగురి కంటే తక్కువ మంది, చేత్తో మోసుకెళ్ళే కెమెరాలతో, జనం తిరిగే చోట, ఎవరికీ అడ్డు రాకుండా తీసుకుంటే జాతీయ పార్కుల్లో అనుమతి పత్రమూ రుసుమూ అక్కర్లేదు. షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఇరవై ఆరు సెకన్లు

డల్లాస్ తెలుగువాళ్ళు ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి డీలీ ప్లాజా చూపిస్తారు. 1963 నవంబరు 22న కెనడీ మీద కాల్పులు జరిగినప్పుడు అక్కడ గట్టు మీద నిలబడి తీసిన ఏబ్రహాం జాప్రూడర్ ఆడవాళ్ళ దుస్తుల వ్యాపారి. చేతిలో ఉన్నది ఇంట్లో పిల్లల్ని తీసుకునే బెల్ అండ్ హౌవెల్ 8 ఎమ్‌ఎమ్ కెమెరా. ఆ పొద్దున దాన్ని ఇంట్లోనే వదిలి వచ్చాడు, వెళ్ళి తెచ్చుకోమని ఆఫీసులో సెక్రటరీ పోరింది. 26 సెకన్లు, 486 ఫ్రేములు. చివరికి ప్రభుత్వం ఆ ఫిల్ము కోసం కుటుంబానికి 1.6 కోట్ల డాలర్లు చెల్లించింది.

దానికంటే నన్ను ఎక్కువగా కదిలించేది ‘టోపాజ్’. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతి అమెరికన్లని శిబిరాల్లో పెట్టినప్పుడు, యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరంలో డేవ్ టాట్సునో రహస్యంగా తెప్పించుకున్న 8 ఎమ్‌ఎమ్ కెమెరాతో అక్కడి బతుకు తీశాడు. మంచులో పిల్లలు, పూజలు, కూరగాయల మడులు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1996లో దాన్ని జాతీయ చలనచిత్రాల పట్టికలో చేర్చింది. వలస వచ్చినవాళ్ళ ఇంటి వీడియో ఈ దేశ చరిత్ర అయింది. మన దక్షిణాసియా వాళ్ళ జ్ఞాపకాల్ని దాచే సాడా అనే సంస్థ 2008 నుంచి ఉంది, ఫిలడెల్ఫియా దాని కేంద్రం.

1977లో న్యూయార్క్‌లో తానా తొలి సభ జరిగే నాటికి క్యామ్‌కార్డర్ ఇంకా పుట్టలేదు. సోనీ బీటామూవీ 1983లో వచ్చింది. ఆ తర్వాతి పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ వీహెచ్‌ఎస్ టేపుల్లో అటకల మీద ఉన్నాయి. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, టేపు ఏడాదికేడాది చెడుతోంది. కొత్త కెమెరా డబ్బులోంచి కొంత తీసి ముందు ఆ టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

శనాదివారాల సినిమా

తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీలో కలిసి చదివిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూనే సినిమాలు నేర్చుకున్నారు. ఇక్కడి మనవాళ్ళ బతుకు మీద 2003లో ‘ఫ్లేవర్స్’ తీశారు. అట్లాంటాలో ఇంజనీరుగా సంపాదించిన డబ్బుతో నగేశ్ కుకునూర్ 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు. 2021లో రాజ్, డి.కె. నిర్మించిన ‘సినిమా బండి’లో కథంతా ఒక కెమెరా చుట్టూనే. ఆటోలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరికి, ఒక పల్లె సినిమా తీయాలనుకుంటుంది. దర్శకుడు ప్రవీణ్ కాండ్రేగుల. మీ ఇంట్లో కెమెరా కోసం మారాం చేసే పిల్లలతో కలిసి ఒకసారి చూడండి.

అమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నారా?

అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, ఇండియాలో 50 సార్లు. ఇక్కడ కొన్న కెమెరాని అలాగే తీసుకెళ్ళి ఊళ్ళో ట్యూబ్‌లైటు కింద తీస్తే తెర మీద నల్లటి చారలు పాకుతాయి. మెనూలో ఎన్‌టీఎస్‌సీ అని ఉన్న చోట పీఏఎల్ పెట్టండి, షట్టర్ 50 లేదా 100కి తిప్పండి. తిరిగి వచ్చాక 60 లేదా 120. అదనపు బ్యాటరీలు చేతి సంచీలోనే పెట్టుకోవాలి, చెకిన్ పెట్టెలో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్ల దాకా అడ్డు చెప్పరు, మన కెమెరా బ్యాటరీలు 20 కూడా దాటవు.

ఊరు చేరాక అమ్మమ్మని వరండాలోకి తీసుకురండి. కిటికీ వెలుగు ఒక పక్క నుంచి ముఖం మీద పడేలా కుర్చీ వేయండి, కిటికీకి వీపు పెట్టి మాత్రం కూర్చోబెట్టకండి. చిన్న కాలర్ మైకు పైట అంచుకి గుచ్చండి, పట్టుచీర అయితే రాసుకుని చప్పుడు చేస్తుంది, రోజూ కట్టే నేతచీర మేలు. చివరగా సీలింగ్ ఫ్యాను ఆపండి, ఉక్కపోస్తుందని ముందే చెప్పి. ఫ్యాను రెక్కలు నిలిచేదాకా ఆగండి. దాని హోరు తగ్గాక పెరట్లో కాకి అరుపూ, గిన్నెలు కడుగుతున్న నీళ్ళ చప్పుడూ, ఆవిడ గొంతు సవరించుకోవడమూ వినిపిస్తాయి. అప్పుడు నొక్కండి.